అత్తమ్మకు ఓడ, పిల్లలకు దీవి

ప్రశ్న: అక్కా, మాది జడ్చర్ల దగ్గర పల్లెటూరు. మా ఆయనకు ఎలక్ట్రికల్ షాపు ఉంది. పాపకు 13 ఏళ్లు, బాబుకు 7. మా అత్తమ్మకు 67. పెళ్లయిన కొత్తలో మామయ్యతో కలిసి ముంబై లేబర్ పోయి, పదకొండేళ్లు మేడల పనుల్లో తట్ట మోసింది. ఇప్పుడు మోకాళ్లు సరిగా వంగవు, బీపీ కూడా ఉంది. మామయ్య పోయి నాలుగేళ్లవుతోంది. చిట్టీ ఎత్తిన డబ్బులతో మే నెలాఖరున ముంబై నుంచి లక్షద్వీప్ పోయే ఓడ ఎక్కుదామని పిల్లల ఆశ. అత్తమ్మ కూడా వస్తానంటోంది. "ఆదివారం సముద్రం ఒడ్డుకు పోయి కూసుంటే దూరంగ ఓడలు కనపడుతుండె. గా ఓడల లోపట ఏముంటదో ఒక్కపారి సూడాలె" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మా ఆడబిడ్డేమో "ఈ వయసులో నడి సముద్రంలో ఏమన్నా అయితే ఎవరు దిక్కు? అమ్మను నా దగ్గర వదిలిపోండి" అంటోంది. మా ఆయన "మనం పోయొద్దాం, అమ్మను తర్వాత తిరుపతికి తీసుకపోదాం" అంటున్నారు. వాంతులు, తిండి, ఖర్చు, ఏది తలచుకున్నా టెన్షనే. అత్తమ్మను తీసుకెళ్లొచ్చా, వద్దా?

జవాబు:

తీసుకెళ్లండి చెల్లెమ్మా. మీ ఉత్తరం చదవగానే నాకు తట్టిన మాట ఇదే. మళ్లీ మళ్లీ చదివాక కూడా ఇదే అంటున్నాను. కాకపోతే మే నెలాఖరున వద్దు. ఇంకో సంగతి, అత్తమ్మ అడిగింది దీవి కాదు, ఓడ. ఈ తేడా మీ ఇంట్లో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పిల్లలకు కావలసింది తెల్లటి ఇసుక, నీలం నీళ్లు. ఆమెకు కావలసింది ఒడ్డున కూర్చుని దూరం నుంచి చూసిన ఆ ఓడ లోపల ఏముందో. ఇద్దరి కోరికా ఒకే టికెట్‌తో తీరుతుంది. అందరూ అన్నిచోట్లా కలిసి దిగి తీరాలని మాత్రం పట్టుబట్టకండి.

ఎందుకంటున్నానో చెబుతాను. లక్షద్వీప్‌లో 36 దీవులున్నాయి, జనం ఉండేవి 10. అవన్నీ పగడపు దీవులు. దీవి చుట్టూ నీళ్లలో పగడపు దిబ్బ ప్రహరీ గోడలా ఉంటుంది, దాని లోపల నీళ్ల లోతు తక్కువ. ఫొటోల్లో లేత నీలంగా మెరిసేది ఆ నీళ్లే. పెద్ద ఓడ అందులోకి రాలేదు, బయట లోతైన సముద్రంలోనే ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న పడవలోకి దిగి దీవికి పోవాలి. టికెట్లు అమ్మేవాళ్లు ఈ ముక్క గట్టిగా చెప్పరు. మోకాళ్లు వంగని మనిషికి మొత్తం ప్రయాణంలో నిజంగా కష్టమైన చోటు ఇదొక్కటే.

నేను కొన్నేళ్ల కింద మా అమ్మను తీసుకుని కొచ్చి నుంచి ఆ దీవులకు వెళ్లాను. మాకు టికెట్లు ఇప్పించిన ఏజెంట్ "ఓడ దిగితే బీచే మేడమ్" అన్నాడు. తెల్లారి ఓడ ఆగాక, పక్కవైపు కింది భాగంలో ఉన్న ఇనుప తలుపు తీశారు. తలుపు బయట ఒక మరపడవ. అల వచ్చినప్పుడు పడవ మా కాళ్ల దగ్గరికి లేస్తుంది, అల పోగానే నడుమంత లోతుకు జారిపోతుంది. ఇద్దరు ఓడ మనుషులు అటూ ఇటూ నిలబడి, వచ్చినవాళ్లను చంకల కింద పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణాన "ఇప్పుడు" అని అవతలికి దాటిస్తున్నారు. చిన్నపిల్లలు నవ్వుతూ దాటిపోయారు. మా అమ్మ తలుపు దాకా వచ్చి, రెండు అలలు చూసి, నా చెయ్యి వదిలించుకుని వెనక్కి వెళ్లిపోయింది. గదిలో కూర్చుని ఏడ్చింది. భయపడినందుకు కాదు, "నా వల్ల నీ పైసలు దండగైనయి" అని. ముందే తెలిసుంటే ఆ రోజు ఓడలోనే ఉందామని అనుకుని ఉండేవాళ్లం, ఆమెకు ఆ బాధ ఉండేది కాదు. ఇన్నేళ్లయినా నాకు అది మనసులో ముల్లులాగే ఉంది. అందుకే మీకు ఇంత విడమరిచి చెబుతున్నాను.

కాబట్టి డబ్బు కట్టక ముందే అడగవలసిన మొదటి ప్రశ్న గది గురించి కాదు, భోజనం గురించీ కాదు. "దీవిలోకి ఎట్లా దింపుతారు? ఎన్నిసార్లు పడవ మారాలి? దిగలేనివాళ్లు ఓడలోనే ఉండిపోవచ్చా?" ఇది అడగండి. మాటతో సరిపెట్టుకోకుండా వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఓడలో ఉండిపోవడానికి సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పరు. ఆ రోజు మీరూ మీ ఆయనా వంతులు వేసుకోండి, ఒకరు పిల్లలతో దీవికి, ఒకరు అత్తమ్మతో ఓడలో. సముద్రం నెమ్మదిగా ఉండి, ఆమెకు ధైర్యం వస్తే దిగుతుంది. లేదంటే లేదు. నిర్ణయం ఆమెదే కావాలి, ఎవరూ బతిమాలొద్దు, బలవంతం చేయొద్దు.

కొచ్చి నుంచి లక్షద్వీప్ వాళ్లే నడిపే 'సముద్రం' అనే ప్యాకేజీ ఒకటుంది. కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూపిస్తారు, పగలు దీవిలో, రాత్రి ఓడలో. పిల్లలతో పోయే కుర్ర జంటలకు బాగుంటుంది. కానీ రోజూ దిగడం, ఎక్కడం. మీ అత్తమ్మకు అది వద్దు. ముంబై నుంచి బయలుదేరే కార్డీలియా లాంటి ఓడ అయితే ఓడే ఒక ఊరులా ఉంటుంది. లిఫ్టులుంటాయి, సాయంత్రం ఆటపాటలుంటాయి, కూర్చోవడానికి బోలెడు చోటుంటుంది, దీవికి దిగకపోయినా రోజు గడిచిపోతుంది. ఏ తేదీన ఏ రూటో సీజన్‌కొకలా మారుతుంది కాబట్టి లక్షద్వీప్ దగ్గర ఆగుతుందో లేదో టికెట్ మీద చూసుకుని కట్టండి.

ఇక మే నెల సంగతి. నైరుతి రుతుపవనాలు జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతాయి కదా, లక్షద్వీప్ వైపు గాలి అంతకుముందే మారుతుంది. మే సగం దాటాక అరేబియా సముద్రం నమ్మదగ్గది కాదు. ఓడలు చాలావరకు అక్టోబరు నుంచి మే మొదటి వారాల దాకా ఆ వైపు తిరుగుతాయి. సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి. జనవరిలో ఆ వైపు సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా మన పాలమూరు మే ఎండలా ఉండదు. డిసెంబరు ఆఖరి వారం మాత్రం వద్దు, కొత్త సంవత్సరం పేరుతో ధరలు పైకి పోతాయి. ఒకవేళ సంక్రాంతికి వెళ్లినా, గాలి ఎక్కువైతే దీవి దగ్గర ఆగకుండా పోయే హక్కు కెప్టెన్‌కు ఉంటుంది, దానికి డబ్బు తిరిగి రాకపోవచ్చు. పిల్లలకు ఈ మాట ఇంటి దగ్గరే చెప్పండి. ముఖ్యంగా బాబుకు. ఏడేళ్ల పిల్లవాడు ఇసుకలో ఆడుకుంటానని నెలల తరబడి లెక్కపెట్టుకుంటాడు.

వాంతుల భయం సంగతి. మీ ఇంట్లో శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఎవరికి కడుపులో తిప్పుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన్ననూరు దాటి నల్లమల మలుపులు మొదలవగానే ఎవరు కిటికీ పక్క సీటు అడుగుతారో, సముద్రంలో కూడా ముందు వాళ్లకే వస్తుంది. చెవి లోపల మన శరీరం కదలికను పసిగట్టే భాగం ఒకటుంటుంది. అది కదులుతున్నామని చెబుతుంది, నాలుగు గోడల గదిలో కూర్చున్న కన్నేమో కదలడం లేదని చెబుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకనే వికారం. అందుకే తిప్పుతున్నట్టు ఉంటే పడుకోబెట్టి తలుపు వేసేయకుండా, పైకి తీసుకెళ్లి దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీత చూపించండి. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండా తినడమూ మంచిది కాదు. అల్లం ముక్క దగ్గర పెట్టుకోండి. అవోమిన్ లాంటి మాత్ర వికారం మొదలయ్యాక కాదు, గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. అయితే పెద్దవాళ్లకు ఈ మాత్రలతో మత్తు వస్తుంది, తూలి పడే ప్రమాదం ఉంది, కొందరికి మూత్రం సరిగా రాదు. కాబట్టి అత్తమ్మకు, బాబుకు మీ డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. ఆమె వాడే బీపీ బిళ్లల చీటీ తీసుకెళ్లి చూపించి అడగండి.

గది ఎంచుకోవడంలో కూడా ఇదే లెక్క. ఆర్టీసీ బస్సులో వెనక సీటు ఎగరేసినంతగా నడిమి సీటు ఎగరేయదు. ఓడ కూడా అంతే, ముందూ వెనకా కొసలు ఎక్కువ ఊగుతాయి, పై అంతస్తులు ఇంకా ఎక్కువ ఊగుతాయి. నడిమి భాగంలో, కింది అంతస్తులో, లిఫ్టుకు దగ్గరగా గది అడగండి. మీరు అయిదుగురు కాబట్టి ఎట్లాగూ రెండు గదులు తీసుకోవలసి వస్తుంది. ఒకదాన్లో అత్తమ్మా పాపా, ఇంకోదాన్లో మీరు ముగ్గురు, రెండూ పక్కపక్కన ఉండాలి. డబ్బు చాలకపోతే మీ గది కిటికీ లేనిది తీసుకోండి, కానీ అత్తమ్మ గదికి కిటికీ ఉండాల్సిందే. ఆమె ఇన్నేళ్లు అనుకున్నది లోపలి నుంచి చూడాలని కదా. బాత్రూం తలుపు దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది, గది చిన్నది. మొదటి రోజే ఆమెను రెండుసార్లు లోపలికీ బయటికీ నడిపించి చూడండి. రాత్రి లైటు ఒకటి వేసి ఉంచండి.

ఖర్చు గురించి ఒక్కటే చెబుతాను. బోర్డు మీద కనిపించే ధర అసలు ధర కాదు. దాని మీద రేవు చార్జీలు, జీఎస్టీ, సిబ్బందికి ఇచ్చే సర్వీస్ చార్జీ కలుస్తాయి. దీవికి తీసుకెళ్లే ట్రిప్పు చాలాసార్లు విడిగా కట్టాలి. భోజనం మామూలుగా టికెట్‌లోనే ఉంటుంది, కూల్ డ్రింకులు, వైఫై, ఓడలో డాక్టర్ ఫీజు అందులో ఉండవు. "అయిదుగురం ఇంటికి తిరిగి వచ్చేదాకా ఎంత?" అని అడిగి మొత్తం అంకె రాయించుకోండి. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత కోత పడుతుందో కూడా అందులోనే ఉండాలి. చిట్టీ డబ్బును మించితే బాల్కనీ గది మానుకోండి, ఓడ ప్రయాణం మానుకోకండి. ఇన్సూరెన్స్ మాత్రం మానుకోవద్దు. అందులో బీపీ, మోకాళ్ల సంగతి దాచకుండా రాయండి. దాచిపెట్టి చేయించిన ఇన్సూరెన్స్ అవసరం వచ్చినప్పుడు పని చేయదు. దీవుల్లో ఆసుపత్రులు చిన్నవి, పెద్ద అవసరం వస్తే కొచ్చికి తరలించాలి.

లక్షద్వీప్‌కు మన దేశస్తులకు కూడా అనుమతి పత్రం కావాలి. ఓడవాళ్లే తెప్పిస్తారా, మీరే పెట్టుకోవాలా అడగండి. అక్కడ పేచీ వచ్చేది ఆధార్ దగ్గర. మన వైపు పెద్దవాళ్లకు పుట్టిన తేదీ తెలియక ఎంతోమందికి ఆధార్‌లో జనవరి 1 అని రాసేశారు. ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఇంకోచోట అత్తింటిది ఉంటుంది. ఏది ఉన్నా సరే, ఆధార్‌లో ఎట్లా ఉందో టికెట్‌లో అక్షరం తేడా లేకుండా అట్లాగే ఉండాలి. ముందురోజే ముంబై చేరుకోండి. హైదరాబాద్ నుంచి రాత్రి ప్రయాణం చేసి తెల్లారి దిగి, అదే రోజు ఓడ ఎక్కుదామనుకోవద్దు. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు, చెక్-ఇన్ ఓడ కదలడానికి కొన్ని గంటల ముందే మూసేస్తారు. ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ సీఎస్‌ఎంటీ స్టేషన్‌కు దగ్గరే. రేవులో వీల్‌చెయిర్ కావాలని టికెట్ అప్పుడే చెప్పి ఉంచండి. "నాకెందుకు బండి" అని అత్తమ్మ అంటుంది. ఆ లైన్లలో నిలబడడమే ఆమె మోకాళ్లకు బరువు.

తిండికి కష్టం ఉండదు. మన దేశం నుంచి తిరిగే ఓడల్లో అన్నం, పప్పు, రొట్టె, పెరుగు దొరుకుతాయి. జొన్న రొట్టె మాత్రం దొరకదు. గదిలో కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె పెట్టుకోనివ్వరు. సముద్రం మీద నిప్పు భయం పెద్దది. ఇంట్లో వండిన తిండి కూడా చాలా ఓడల్లోకి రానివ్వరు. సంక్రాంతి రోజులు కాబట్టి మీరు సకినాలు చేసే ఉంటారు, వాటిని రానిస్తారా లేదా అని ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బా కట్టండి. రేవులో తీసి పక్కన పెట్టమంటే అత్తమ్మ ప్రాణం ఉసూరుమంటుంది. మందులు మాత్రం పెద్ద సూట్‌కేసులో పెట్టకండి. పెద్ద సామాను ముందే తీసుకుపోయి గది దగ్గరికి ఎప్పుడో తెచ్చిస్తారు. బిళ్లలన్నీ చేతి సంచిలో, రెండు మూడు రోజులకు ఎక్కువే ఉండాలి. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. నడి సముద్రంలో ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే ఒక్క వీడియో కాల్‌కే బిల్లు పేలిపోతుంది. దీవిలో బాబు పగడపు ముక్క ఏరి జేబులో వేసుకోకుండా చూడండి. పగడాలు 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, తేవడం నేరం. అక్కడి ఊళ్లలో ఎక్కువమంది ముస్లింలు, పద్ధతిగా ఉండేవాళ్లు. ఈత బట్టలు బీచ్ వరకే.

మీ ఆడబిడ్డ మాటకు వద్దాం. ఆమెను తప్పుపట్టొద్దు, తల్లి మీద ప్రేమతో అన్న మాటే అది. ఓడలో డాక్టర్ ఉంటారని, ఇన్సూరెన్స్ చేయిస్తున్నామని, అవసరమైతే దీవికి దింపబోమని ఆమెకు కూర్చుని చెప్పండి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. శ్రీశైలం నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో తెలంగాణ టూరిజం లాంచీ కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి శ్రీశైలానికి పోతుంది. కృష్ణ మీద, రెండు వైపులా నల్లమల కొండలు, ఆరేడు గంటల ప్రయాణం. ఆడబిడ్డను కూడా రమ్మని, అత్తమ్మను అది ఎక్కించండి. నది మీద సముద్రపు అల ఉండదు కాబట్టి వాంతుల సంగతి తేలదు. కానీ ఒడ్డు నుంచి పలక మీద నడిచి లాంచీలో అడుగు పెట్టడం, ఊగే నేల మీద నిలబడడం, అన్ని గంటలు నీళ్ల మీద కూర్చోవడం, ఇవన్నీ తేలిపోతాయి. అత్తమ్మ కాలు ఎక్కడ తడబడిందో మీరే చూస్తారు. ఆమె ముఖం ఎట్లా ఉందో ఆడబిడ్డ చూస్తుంది. నా అనుభవంలో, ఇంట్లో పది రోజులు వాదించినా ఒప్పుకోనివాళ్లు అలాంటి ఒక్క రోజుతో ఒప్పుకుంటారు. ఒకవేళ లాంచీలోనే ఆమెకు బాగా ఇబ్బందైతే, అప్పుడు ఆమే చెబుతుంది. అప్పుడు అండమాన్ ఉంది. శంషాబాద్ నుంచి విమానంలో శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్. అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్ దీవికి ఏసీ ఫెర్రీలో రెండు గంటల లోపే. జెట్టీ నుంచి జెట్టీకి నడక, నడి సముద్రంలో పడవ మారడం ఉండదు.

మీ ఆయనకు కూడా ఒక మాట. తిరుపతికి తప్పకుండా తీసుకెళ్లండి, అది ఇంకో ప్రయాణం. ఆమె అడిగినదానికి బదులుగా మీకు తోచిందేదో ఇవ్వొద్దు. పదకొండేళ్లు ఆ ఊళ్లో తట్ట మోసి, వారానికి ఒక్క సాయంత్రం సముద్రం వైపు చూసిన మనిషి ఆమె. కొడుకు కష్టపడి కట్టిన చిట్టీ డబ్బులతో ఓడ ఎక్కితే, ఆ టికెట్‌లో ఆమె చెమట కూడా ఉంది.

ఓడ ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎట్లా వేసుకోవాలో, ప్రమాదం వస్తే ఎక్కడికి రావాలో అందరికీ నేర్పిస్తారు. 1912లో టైటానిక్ మునిగాక ప్రపంచమంతా పెట్టుకున్న నియమాల్లో అదొకటి. అత్తమ్మను కూడా కూర్చోబెట్టి వినిపించండి, భాష అర్థం కాకపోతే పాప పక్కన ఉండి చెబుతుంది. అది అయిపోయాక గదిలో బట్టలు సర్దుకుంటూ ఉండిపోకండి. ఓడ రేవు వదిలే సమయానికి ఆమెను లిఫ్టులో పై డెక్‌కు తీసుకెళ్లి, ఒడ్డు కనిపించే వైపు కుర్చీ వేయించండి. ముంబై మేడలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆదివారాలు తను ఎటువైపు కూర్చునేదో, ఏ మేడకు తట్ట మోసిందో పిల్లలకు ఆమెనే చూపించనివ్వండి.